పప్పు, పాలు, పిండి: పలక పట్టకముందే చదువుకు దారి

అఆఇఈలు గడగడా అప్పజెప్పే నాలుగేళ్ల పిల్లకు మధ్యలోంచి ‘ఎ’ ఒక్కటే చూపించి అడగండి. చాలామంది మళ్లీ ‘అ’ దగ్గర్నుంచి ఎత్తుకుంటారు. వాళ్లకు వరస వచ్చిందిగానీ అక్షరం రాలేదు. అందుకే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కంటికంటే ముందు చెవికి పని చెప్పాలి.

మొదట చప్పట్లు. అన్నం తినిపిస్తూ ‘పాలు’, ‘రొట్టె’ అని రెండేసి కొట్టించండి. తర్వాత సం–గ–టి, ఉ–గ్గా–ని, అంటే మూడేసి. ఇవి కుదిరాక అ–నం–త–పు–రం, ఐదు. పిల్లవాడు లెక్క తప్పితే సరిదిద్దకుండా మీరే ఇంకాస్త నెమ్మదిగా అని, మళ్లీ కలిసి కొట్టండి.

తర్వాత మాటలో మొదటి శబ్దం. పోపుల డబ్బా, పప్పు గిన్నె ముందు పెట్టుకుని పప్పు, పసుపు, పచ్చడి చూపించండి. మూడూ ‘ప’తోనే మొదలవుతాయి. ఇక్కడే పెద్దవాళ్లు తొందరపడి ‘ప’ అంటూ పాలు, పిండి కూడా కలిపేస్తారు. మనకు అంతా ప గుణింతమే, పిల్ల చెవికి మాత్రం ప, పా, పి వేరువేరు. ‘ప’ బాగా నిలిచాకే పాలు, పిండి, పులుసు, పెరుగు, పొడి తీసుకురండి. బట్టీ పట్టించే పని లేకుండా సగం గుణింతం వంటింట్లోనే వచ్చేస్తుంది.

ఇక డబ్బాల మీద చీటీలు. రాగులు, కందులు, కారం, పసుపు: ఈ నాలుగు చాలు, వేటికీ ఒత్తు లేదు. ఉప్పు, బెల్లం, జొన్నలు తర్వాతి నెలకు ఉంచండి. అక్షరం రెండు వేళ్ల ఎత్తున, నల్లగా రాయండి. వారానికోసారి డబ్బాల చోటు మార్చాలి. మార్చకపోతే పిల్లలు చీటీ చదవరు, డబ్బా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు.

ప–వ, మ–య, ద–ధ లాంటి జంటలను ఒకే రోజు చూపించొద్దు. ఒకటి స్థిరపడ్డాక రెండోది పక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి. రాత తొందరేమీ లేదు. పళ్లెంలో పలచగా రాగిపిండి పరిచి వేలితో దిద్దిస్తే చాలు.

బస్టాండులో ‘కదిరి’ బోర్డు మంచి పాఠం: మూడు అక్షరాలు, ఒత్తుల్లేవు. ధర్మవరం, గుత్తి, తాడిపత్రి బోర్డుల మీద మొదటి అక్షరం అడిగి వదిలేయండి.

రాత్రి పది నిమిషాలు బొమ్మల పుస్తకం. మాటల కింద వేలు నడుపుతూ చదవండి, మధ్యలో ఆపి ‘తర్వాత ఏమైతుంది?’ అనండి. అదే పుస్తకం పదిసార్లు అడిగినా విసుక్కోవద్దు, మాటలు కంటికి పట్టేది అలాగే. చదువురాని అవ్వ చెప్పే కథ, పొడుపుకథ కూడా చదువులో భాగమే. పుస్తకంలో ఎదురయ్యే మాటలు పిల్లలకు ముందుగా అందేది అవ్వ నోటినుంచే. పిల్ల ‘యాడికి’ అంటే తప్పు పట్టొద్దు. పుస్తకంలో ‘ఎక్కడికి’ అని ఉంటుందని చెప్పి ముందుకు సాగండి.

వెనకనుంచి పిలిస్తే పలకకపోయినా, నాలుగేళ్లు దాటినా బయటివాళ్లకు మాట అర్థం కాకపోయినా అక్షరాల పని కాస్త ఆపి, ముందు చెవుల డాక్టరుకు చూపించండి.