మృగశిర రాకముందే పండగ సామాన్లు కిందకి దించుకోండి

రోహిణి కార్తె నడుస్తోంది, రోళ్ళు పగిలే ఎండలు, ఇప్పుడు అటక ఎక్కమంటే ఎవరికైనా విసుగే గానీ పండగ సామాన్లు సర్దుకోడానికి మన గోదారోళ్ళకి ఇంతకన్నా మంచి టైం లేదండి. జూన్ 8 ఆ ప్రాంతంలో మృగశిర వచ్చేస్తది, ఇక అక్కణ్ణించి దసరా దాటేదాకా మనిళ్ళల్లో ఉప్పు డబ్బా కూడా నీరు కారుతూనే ఉంటది. సంక్రాంతికి కొలువు ఎత్తేసిన రోజు హడావిడిగా చుట్టి పడేసిన బొమ్మలు, క్రిస్మస్ స్టారు, పిల్లల కృష్ణుడి డ్రెస్సులు, అన్నీ ఆ చెమ్మలోనే గడపాలి కదా.

మాది కోనసీమలో లంక ఊరు. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు నీళ్ళు మా అరుగు దాకా వచ్చి ఆగిపోయాయి, ట్రంకు పెట్టె అటక మీద భద్రంగానే ఉంది, హమ్మయ్య అనుకున్నాం. తీరా సంక్రాంతికి తెరిస్తే అమ్మమ్మ నాటి పాలమ్మే ఆవిడ మట్టి బొమ్మ, నెత్తిమీద కుండ ఊడి నా చేతిలోకి వచ్చేసింది, మొహం రంగంతా చుట్టిన న్యూస్‌పేపర్‌కి అంటుకుపోయి కళ్ళూ బొట్టూ పేపర్ మీద ఉన్నాయి, బొమ్మకేమో ఉత్త మట్టి మొహం. మా అమ్మ ఆ పేపర్ని చాలాసేపు అలా పట్టుకునే కూర్చుంది. వరద చేసిన పని కాదండి అది. అంతకుముందు జనవరిలో మంచు పడుతున్న పొద్దున్న తడిగుడ్డతో తుడిచి, సరిగ్గా ఆరకుండానే పాలిథిన్ కవర్లో చుట్టి మూత పెట్టేశాం, అంటే తడిని మేమే లోపల పెట్టి కట్టేశాం. అందుకే చెప్తున్నా, డబ్బా ఎంత గట్టిదనేది తర్వాత, అందులో పెట్టేది పూర్తిగా ఆరిందా లేదా అనేది ముందు చూసుకోండి.

దించేటప్పుడు కూడా జాగ్రత్త. పెట్టె సందుల్లో తేళ్ళు ఉంటాయి, ఎలకల కోసం పాములొస్తాయి, కాబట్టి టార్చి వేసి చూసి, కర్రతో నాలుగు దెబ్బలు తట్టి అప్పుడు చెయ్యి పెట్టండి. స్టూలు మీద స్టూలు వెయ్యొద్దు, నిచ్చెన వేసుకుని కింద ఒకళ్ళు పట్టుకోవాలి. ఎలక పెంటికలు కనపడితే పొడిగా ఊడవకండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ నీళ్ళు చల్లి కాసేపు నాననిచ్చి తుడిచెయ్యండి.

బొమ్మలన్నింటినీ ఒకేలా చూడకూడదు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు, చేతులూ కాళ్ళూ అతికించేది చింతగింజల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో, అది చెమ్మకి మెత్తబడుతుంది, పురుగుకీ ఇష్టమే. అందుకే వాటికి తడిగుడ్డ వద్దు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి నీడలో ఒక పూట గాలికి ఉంచితే చాలు. ఏటికొప్పాక లక్క బొమ్మల్ని మాత్రం ఈ ఎండలో పొరపాటున కూడా పెట్టొద్దు, లక్క వేడికి మెత్తబడిపోయి చుట్టిన కాయితం అంటుకుంటుంది. మట్టి బొమ్మలకి పొద్దుటి గాలి బాగా తగలనిచ్చి, ఒక్కోదాన్నీ పాత నూలు పంచె ముక్కలో విడిగా చుట్టండి. న్యూస్‌పేపర్ మా ఇంట్లో ఇక వాడం. అడుగున బరువైనవి, పైన తేలికవి, మధ్యలో పాత గుడ్డలు కుక్కండి కానీ గడ్డి వద్దు. క్రిస్మస్ పాకలో వేసిన గడ్డి కూడా దాచుకోకండి, ఎలకలు గూడు కట్టేది అందులోనే, ప్రతి ఏడూ కొత్తది దొరుకుతుంది కదా.

ఇక నరసాపురం లేసులు. గుమ్మానికి కట్టేవి, టేబుల్ మీద పరిచేవి పండగలకే తీస్తాం, గంజి పెట్టి ఇస్త్రీ చేసి మడతపెట్టి దాచేస్తాం, అదే తప్పు. గంజికి పురుగులు చేరి లేసు కొరికేస్తాయి. దాచే ముందు గంజంతా పోయేలా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ లేకుండా వదులుగా చుట్టి పెట్టండి, గంజి పండగ ముందు పెట్టుకోవచ్చు. పంచెలకీ ఇదే పద్ధతి.

పట్టు లంగాలు, ఉప్పాడ చీరలు నీడలోనే ఆరాలి, ఎండలో రంగు పోతుంది. జరీ లోపలి వైపుకి వచ్చేలా మడిచి, తెల్ల నూలు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి, లేదంటే మడత దగ్గరే చిరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. దానికన్నా ముఖ్యమైనది ఇంకోటి, పసిపిల్లల బట్టల్లో కలరా ఉండలు అసలు వెయ్యొద్దండి. జి సిక్స్ పిడి అనే ఎంజైము తక్కువున్న పిల్లలకి ఆ వాసన పీలిస్తేనే రక్తకణాలు చితికిపోయి కామెర్లు రావచ్చు, ఆ లోపం ఉందో లేదో చూస్తే తెలియదు. భోగిపళ్ళ రోజు పెట్టెలోంచి తీసి నేరుగా చంటిదానికి తొడిగేస్తుంటే నాకు భయమేస్తుంది. ఎండు వేపాకు, వసకొమ్ము గుడ్డలో మూటకట్టి వేస్తే సరిపోతుంది.

వేషాల సామాన్లలో గజ్జెలు ముందు పాడవుతాయి, తోలు పట్టీకి చెమట ఉంటుంది కదా, తెల్లగా బూజు పట్టేస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి నూలు సంచిలో పెట్టండి. గిల్టు నగలు దూది వేసి జిప్ కవర్లో. కిరీటాలు ఒకదాని మీద ఒకటి పెట్టకండి. సీరియల్ లైట్ల సెట్లు అట్టముక్కకి చుట్టి, బ్యాటరీతో వెలిగే వాటిల్లోంచి బ్యాటరీలు తీసెయ్యండి, కారిపోతాయి. ఒకసారి తడిసిన సెట్టు ఎంత ఆరినా ప్లగ్గులో పెట్టొద్దు.

ఇక పెట్టె ఎక్కడుండాలి అనేది. 1986 ఆగస్టు వరద నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయని మీ ఇంట్లో పెద్దవాళ్ళు గోడమీద చూపిస్తారు చూడండి, ఆ ఎత్తుకి పైన పెట్టండి, పెంకుటిల్లయితే కారే పెంకు కింద కాకుండా. ట్రంకు మూత తుప్పు పట్టి చిల్లులున్నాయేమో వెలుతురుకి ఎత్తి చూడండి. ధవళేశ్వరంలో గోదారి నీటిమట్టాన్ని బట్టి మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మేమైతే మొదటిదానికే సామాన్లు పైకెత్తేస్తాం, రెండోది వచ్చాక మనుషులూ గొడ్లూ కాయితాలే చూసుకోవాలి తప్ప బొమ్మల జోలికి వెళ్ళకూడదు. ఒకవేళ కొయ్య బొమ్మ తడిసినా ఎండలో పెట్టకండి, పగులుతుంది, నీడలో నాలుగైదు రోజులు నిదానంగా ఆరనివ్వండి.

ఈ ఆదివారం మొదలుపెడితే పొద్దున్నే ముందు లేసులు నానబెట్టేయండి, అవి ఆరేలోపు బొమ్మల పని చూసుకోవచ్చు.