విజయవాడ ప్రకాశం బ్యారేజీ దిగువన గాలం వేసేటప్పుడు కృష్ణలోకి ఎలా దిగాలి?

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెదురు గాలం, బెండు, సీసం గుండు, డబ్బాలో ఎర్రలు. పిండి ముద్దలు వద్దు, ఇట్టే కరిగిపోతాయి. కార్బన్ రాడ్డు అసలే వద్దు. అందులో కరెంటు పారుతుంది, ఉరుములప్పుడు ప్రాణం మీదకు వస్తుంది. వీటితోపాటు ఆరడుగుల చేతికర్ర, 20 మీటర్ల నైలాన్ తాడు, మూత బిగించిన 5 లీటర్ల ఖాళీ క్యాను తీసుకెళ్లండి. లుంగీ కాకుండా నిక్కరు వేసుకోండి. తోడు లేకుండా వెళ్లకండి.

బయల్దేరే ముందు ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో చూడండి. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల దగ్గర ఇస్తారు. అది ఇంకా రాలేదు కదా అని దిగేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇసుక తిన్నె మీద నిలబడ్డ మనిషికి అంత వరద అక్కర్లేదు. ఉన్న 70 గేట్లలో కొన్ని ఎత్తినా వెనక దారి మునిగిపోతుంది.

అసలు కష్టం అడుగు వేయడంలోనే ఉంది. పైకి మోకాలి లోతే కనిపిస్తుంది, పక్కనే ఇసుక తవ్విన గుంత నిలువెత్తు ఉంటుంది. ముందు కర్ర, తర్వాతే కాలు. కర్రను ఊరికే ఆనిస్తే చాలదు, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. ఎదురుగానే కాదు, రెండు పక్కలా నొక్కి చూడాలి. కర్ర దిగబడితే అక్కడ గుంత అంచు ఉన్నట్టే. అంచు ఇసుక కాలు పెట్టగానే జారిపోతుంది, అందుకని రెండడుగులు వెనక్కి వచ్చేయండి. నీళ్లు మోకాలు దాటితే ఇంక ముందుకు వెళ్లొద్దు.

'రోజూ తిరిగే చోటేగా' అనుకోకండి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయాక, నేను ఏళ్ల తరబడి నడిచిన దారిలోనే కర్ర మొత్తం మునిగింది. కర్ర వేయకుండా అడుగు వేసి ఉంటే మునిగేది నేనే.

గాలం వేసే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. నీళ్లు దాన్ని రెండు వేళ్లు దాటాయా, చేప తగిలి ఉన్నా సరే గాలం తీసేసి, వెళ్లిన దారినే తిరిగి వచ్చేయండి.

తోటివాడు గుంతలో పడితే వెంటనే దూకకండి. తాడుకు క్యాను కట్టి అతనికి అందేలా విసరండి. అతను పట్టుకున్నాక నిలబడి లాగితే మీరూ పడతారు. ఇసుకలో కూర్చుని, మడమలు తన్నిపెట్టి లాగండి.