అక్వేరియంలో కనిపించిన పురుగు ఏదో ఎలా గుర్తుపట్టాలి?

మొక్కలు వేసిన తొట్టిలో అద్దం మీద సన్నటి తెల్ల పురుగు పాకుతూ కనిపించగానే షాపుకెళ్లి మందు తెచ్చి పోసేయకండి. ఇలా కనిపించేవాటిలో ఎక్కువ భాగం చేపల జోలికి రావు, మందు మాత్రం రకాన్ని బట్టి నత్తల్నో రొయ్యల్నో చంపేయొచ్చు.

ముందుగా రాత్రి లైటు ఆపేసి, ఓ గంటాగి టార్చ్ వేసి చూడండి, చాలా రకాలు చీకట్లోనే బయటికొస్తాయి. సూది లేని సిరంజితో ఒకదాన్ని పీల్చి, తొట్టి నీళ్లే పోసిన తెల్ల సాసర్‌లో వదిలి ఫోన్ కెమెరా జూమ్ చేయండి.

ఇప్పుడు కదలిక చూడాలి. నీళ్లలో మెలికలు తిరుగుతూ, ఒంటి మీద అడ్డగీతల్లా కణుపులు కనిపిస్తే డెట్రిటస్ వార్మ్, అంటే వానపాము చుట్టమే. కణుపుల్లేకుండా ఎస్ ఆకారంలో కొట్టుకుంటుంటే నెమటోడ్, అంటే కణుపుల్లేని దారంలాంటి పురుగు. రెండూ కుళ్లినవాటి మీద బతికేవే, టెన్షన్ అక్కర్లేదు.

మెలిక తిరగకుండా అద్దానికి అతుక్కుని నున్నగా జారిపోతుంటే మాత్రం తల దగ్గర జాగ్రత్తగా చూడండి. త్రికోణం తల, దాని మీద రెండు కళ్లు (మెల్లకన్నులా ఉంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోరు) ఉంటే ప్లనేరియా అనే చదును పురుగు. రొయ్య పిల్లలకీ చేప గుడ్లకీ దీంతో ముప్పు. తల గుండ్రంగా ఉండి, ఒళ్లంతా ఒకట్రెండు మిల్లీమీటర్లే ఉంటే రాబ్డోసీలా, వదిలేయండి.

రెండు చివర్లా అతుక్కుంటూ జానతో కొలిచినట్టు నడిస్తే జలగ. ఒకే చోట అంటుకుని చేతుల్లాంటివి చాపితే హైడ్రా, అసలది పురుగే కాదు. ఎర్రగా ఉండి తల విడిగా తెలుస్తుంటే దోమలాంటి ఒక ఈగ లార్వా, చేపలు ఇష్టంగా తింటాయి. చేప మలద్వారం నుంచి ఎర్రటి దారాలు వేలాడుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, అవి కమలానస్ అనే పేగు పురుగులై ఉండొచ్చు, లెవామిసోల్‌తో వైద్యం చేయాలి.

డెట్రిటస్ పురుగులు గుంపులుగా పెరిగాయంటే మేత ఎక్కువవుతోందన్నమాట. మేత తగ్గించి, కుళ్లిన ఆకులు తీసేసి, అడుగున సైఫన్ గొట్టం పెట్టి చెత్త లాగేయండి. ఉన్నట్టుండి అన్నీ పైకి ఎగబాకితే ఆక్సిజన్ తగ్గిందేమో చూసి, అమ్మోనియా టెస్టు చేసి కొంత నీళ్లు మార్చండి.

ప్లనేరియాని నలపొద్దు, కోయొద్దు, ముక్కల్లోంచి మళ్లీ పురుగులు పుడతాయి. సన్నటి కన్నాలున్న చిన్న సీసాలో పచ్చి చికెన్ ముక్క వేసి రాత్రి అడుగున పెట్టి, లోపలికి చేరినవాటితో సహా పొద్దున్నే తీసేయండి. అయినా తగ్గకపోతే ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు వాడొచ్చు, కానీ నెరైట్ నత్తలుంటే ముందే వేరే తొట్టిలోకి మార్చండి.