రెండు ఇళ్లకు ఒకటే కారు షెడ్డు: వాల్యుయేషన్ ఎక్కడ తప్పుతోంది?

సమస్య: గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి పాత పేటల్లో అన్నదమ్ములు పంచుకున్న స్థలాలు చాలా ఉన్నాయి. రెండు ఇళ్లు, మధ్యలో ఇద్దరూ వాడుకునే ఒకటే కారు షెడ్డు. అందులో ఒక ఇల్లు అమ్మకానికో, బ్యాంకు లోనుకో వస్తుంది. ఇద్దరు వాల్యూయర్లు వెళ్తారు. ఇద్దరూ వేసిన గజం రేటు ఒకటే, టేపు కొలతలూ ఒకటే. రిపోర్టుల్లో మాత్రం లక్షల్లో తేడా. లోను ఆగిపోతుంది, అడ్వాన్సు ఇచ్చినవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

ముందు చూడాల్సింది: దస్తావేజులోని నాలుగు వైపుల కొలతలు, మీ టేపు కొలతలు ఒకే కాగితం మీద వేసి, హద్దు గీత షెడ్డులో ఎక్కడ పడుతోందో గీయండి. పెద్ద పనేం కాదు. అయినా దీన్నే వదిలేస్తున్నారు. పక్కింటాయన "షెడ్డు మా ఇద్దరిదీ అండీ" అనగానే సగం వేసుకుని వచ్చేస్తున్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, వాడుక గురించి చెబుతున్నాడు. మనం విలువ కట్టేది హక్కుకి.

గీత షెడ్డు మధ్యలో పడిందనుకోండి. షెడ్డు వెడల్పు 18 అడుగులు, పొడవు 20 అడుగులు అయితే 360 చదరపు అడుగులు, అంటే 40 గజాలు. మన సగం 20 గజాలు. గజం 50 వేలు అనుకుంటే స్థలం విలువే 10 లక్షలు. అది మనదే, కలపాల్సిందే. కానీ గేటు ఎటుందో చూశాకే పార్కింగ్ ఉందని రాయండి. గేటు పక్కవాళ్ల సగంలో ఉంటే, రేపు మధ్యలో గోడ లేచిన రోజున మన 9 అడుగుల్లోకి కారు వచ్చే దారి ఉండదు. స్థలం ఉంటుంది, పార్కింగ్ ఉండదు.

అసలు దొంగ కారణం: గీత గీస్తే షెడ్డు మొత్తం పక్కవాళ్ల వాటాలోకి వెళ్లిపోవడం. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే, ఎందుకంటే పైకి ఏమీ కనపడదు. పాత భాగపరిష్కార (పంపకాల) దస్తావేజు తీస్తే "బీ షెడ్యూలు వారు కారు పెట్టుకొనుటకు ఏ షెడ్యూలు వారికి అభ్యంతరము లేదు" అని ఒక్క వాక్యం ఉంటుంది (బీ అంటే మన వాటా, ఏ అంటే పక్కవాళ్ల వాటా). చదవగానే హక్కులా అనిపిస్తుంది. వారసులు, కొనుగోలుదారుల మాట అందులో ఉండదు. అలాంటప్పుడు అది చాలావరకు అనుమతి కిందికే వస్తుంది. పక్కవాళ్ల స్థలం మీద వాడుక హక్కుల గురించి చెప్పే 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ దీన్నే లైసెన్స్ అంటుంది. 59వ సెక్షన్ ప్రకారం అనుమతి ఇచ్చినవాళ్లు తమ ఆస్తి అమ్మేస్తే, కొన్నవాళ్లు ఆ అనుమతికి కట్టుబడక్కర్లేదు.

"ఇరవై ఏళ్లకు పైగా పెడుతున్నాం కదండీ" అంటారు. వాడుక హక్కుగా మారాలంటే అదే చట్టం 15వ సెక్షన్ అడిగేది హక్కుగా, అడ్డు లేకుండా సాగిన 20 ఏళ్ల వాడుకని. ఒప్పుకోలు మీద పెట్టుకున్న కారుకి అది వర్తించదు. ఒకవేళ గట్టి వాదన ఉన్నా తేల్చాల్సింది కోర్టు, మన రిపోర్టు కాదు.

తర్వాత చేతులు మారేకొద్దీ ఇంకా మసకబారుతుంది. విక్రయ దస్తావేజులో ఆ వాక్యం పోయి, చివర్లో "సకల ఈజుమెంటు హక్కులతో సహా" అనే మామూలు మాట మిగులుతుంది. అమ్మినవాళ్లకి లేని హక్కు ఆ మాటతో పుట్టదు. అందుకే తాజా దస్తావేజుతో సరిపెట్టకుండా పంపకాల కాగితం దాకా వెళ్లండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది. పంపకం అంతకన్నా పాతదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ ఈసీ పెట్టించాలి.

పరిష్కారం: వాల్యూయర్ అయితే దస్తావేజులో ఉన్న స్థలానికే విలువ కట్టి, షెడ్డు వాడుకని రిమార్కుల్లో రాయండి. మనది కాని 20 గజాలు కలపొద్దు. హక్కు కాగితం మీద స్పష్టంగా ఉంటే దానికి విలువ ఉంది. అదే వీధిలో పార్కింగ్ ఉన్న ఇల్లు, లేని ఇల్లు ఎంత తేడాతో అమ్ముడయ్యాయో చూసి కట్టండి, స్థలం రేటుతో కాదు.

ఇంటివాళ్లయితే పక్కవాళ్లతో కూర్చుని రాతకోతలు చేసుకోండి. గేటు, దారి, రేకుల రిపేరు ఖర్చు, వారసులకీ కొనుగోలుదారులకీ వర్తింపు, అన్నీ రాయించి రిజిస్టర్ చేయించండి. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలనుకోవద్దు. స్థిరాస్తిలో హక్కు సృష్టించే దస్తావేజుకి 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తుంది. హద్దులే తప్పుగా పడి ఉంటే ఇద్దరూ సంతకాలు చేసి సవరణ దస్తావేజు రాయించుకోవాలి. ఇదంతా ఇల్లు బేరానికి పెట్టకముందే, పక్కింటితో మాటలు బాగున్నప్పుడే చేసుకోండి.

అరుదుగా వచ్చేవి: షెడ్డు మున్సిపల్ ప్లాన్‌లో లేకపోతే కట్టడం విలువ తీసేయండి, పాత రేకులకి ఎలాగూ పెద్దగా రాదు. ఇంటి పన్ను షెడ్డుతో కలిపి ఒకరి పేరునే వస్తోందని కంగారు పడొద్దు, పన్ను రసీదు హక్కు పత్రం కాదు. రేకుల మీద నీళ్లు పక్కవాళ్ల గోడ మీద పడుతుంటే ఒక గట్టర్ పెట్టిస్తే సరి.