మూడు నెలలు దాటిన నడుము నొప్పా? నడుముతో పాటు మనసునూ చూసుకోండిలా

నేను కోరుట్లలో ఫిజియోథెరపీ చేస్తాను. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుట్టేవాళ్లే. ఒడిలో చాట పెట్టుకుని, మెడ వంచి, పొద్దంతా నేల మీద కూర్చుంటే నడుము నొప్పి రావడంలో వింతేమీ లేదు. చాట పక్కన పెట్టి నెలలు గడిచినా తగ్గనివాళ్లూ వస్తుంటారు. వాళ్లను ముందు "రాత్రి నిద్ర పడుతుందా అక్కా?" అని అడుగుతాను. అప్పుడు బయటపడుతుంది అసలు రంది: మస్కట్‌లో ఉన్న భర్త పైసలు పంపలేదనో, బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు మిత్తి పెరుగుతోందనో.

అంటే నొప్పి ఉత్తదని కాదు. నొప్పి మూడు నెలలు దాటాక, మొదట దెబ్బతిన్న కండరం చాలావరకు మానినా, నరాలు, మెదడు మాత్రం దొంగ పోయాక కూడా మొరిగే కుక్కలా అరుస్తూనే ఉంటాయి. దిగులు, నిద్రలేమి ఆ అరుపును పెంచుతాయి. నొప్పేమో ఉన్న కాస్త నిద్రనూ చెడగొడుతుంది. రెండింటినీ కలిపి పట్టుకోకపోతే ఏదీ తగ్గదు.

ముందు ప్రమాదం లేదని తేల్చుకోండి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడ్డాక మొదలైన నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఇవేవీ లేకపోతే స్కానింగ్ రిపోర్టులో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త ఉబ్బడం) అన్న మాట చూసి బుగులు పడకండి. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా 100 మందిలో సుమారు 60 మందికి అది కనిపిస్తుంది.

తర్వాత గోడ మీది క్యాలెండర్ తీసుకోండి. రోజూ పడుకునే ముందు ఆ తేదీ గడిలో మూడు గుర్తులు పెట్టండి: నొప్పి ఎంత, నిద్ర ఎట్లా, మనసు ఎట్లా. రెండు వారాలకు ఏది దేన్ని లాగుతోందో మీకే తెలుస్తుంది. అప్పు కట్టాల్సిన తేదీ దగ్గరపడితే నొప్పి పెరిగేవాళ్లను నేను చాలామందినే చూశాను.

ఇక పని. నొప్పి తక్కువున్న రోజు గడువు పని అంతా ఒకేసారి లాగించడం, తర్వాత మంచం పట్టడం, మా దగ్గర అందరూ చేసేది ఇదే. ఆపాల్సింది కూడా ఇదే. నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి లేవండి. నొప్పి లేకపోయినా సరే, అరగంటకోసారి లేచి వాకిట్లో రెండు చుట్లు తిరగండి. ఆకు కత్తిరించడం, చుట్టడం, మూతి మలచడం ఒక్కొక్కటీ గంటలకొద్దీ చేయకుండా మార్చి మార్చి చేయండి. గోడకు వీపు ఆనించి, కింద దిండు వేసుకోండి. నడకను పది నిమిషాలతో మొదలుపెట్టి వారంవారం కొంచెం పెంచండి. కాస్త నొప్పి పుట్టినంత మాత్రాన ఏదో తెగిపోతోందని కాదు. బెల్టు కొనడానికి తొందరపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో ఇలాంటి నొప్పికి బెల్టులు వద్దని, వ్యాయామం, మానసిక చికిత్స ఉపయోగపడతాయని చెప్పింది. నెలలకొద్దీ నొప్పి మాత్రలు మింగితే కడుపుకు, కిడ్నీలకు చేటు.

గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దేని మీదా ఆసక్తి లేదా? మనసు దిగులుగా ఉందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు ఆ మాట నోరు తెరిచి చెప్పండి. చీటీలో డులాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందు రాస్తే "నాకేమన్న పిచ్చా?" అనుకోవద్దు. నొప్పిని అణచడంలోనూ, మనసును నిలబెట్టడంలోనూ పనిచేసే రసాయనాలు కొన్ని ఒకటే. డాక్టరును అడగకుండా దాన్ని ఒక్కసారిగా మానేయకండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. "బతికి ఏం లాభం" అన్న మాట వినిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు ఉంటే ముందు దాన్ని తీసేయండి.

గల్ఫ్ నుంచి ఫోన్ చేసే అన్నలకు ఒక మాట. రోజూ "నొప్పి తగ్గిందా?" అని మొదలుపెట్టకండి. ఇవాళ ఎంత దూరం నడిచిందో అడగండి. పైసలు ఆలస్యమైతే ఎప్పుడు పంపుతారో చెప్పండి, మీకే తెలియకపోతే ఆ మాటే చెప్పండి.