అమెరికా క్లాక్ రేడియో ఇక్కడ టైం తప్పుతోందా?

మా అక్క అమెరికా నుంచి తెచ్చిన పాత క్లాక్ రేడియోను స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెడితే పాటలు బాగానే వచ్చాయి. టైమే గంటకు 10 నిమిషాలు వెనకబడింది. ఐసీ (లోపలి చిప్) పోయిందని టెన్షన్ పడక్కర్లేదు. ఇలాంటివి కరెంటు ఫ్రీక్వెన్సీని (సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందో) లెక్కపెట్టి టైం చూపిస్తాయి. అక్కడ 60 హెర్ట్జ్, మనకు 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు.

ప్లగ్ పీకి, కాసేపాగి వెనక మూత విప్పండి. కొన్ని బోర్డుల మీద 50/60 అని రాసిన స్విచ్చో జంపరో (రెండు పిన్నులను కలిపే చిన్న ముక్క) ఉంటుంది, 50కి మార్చండి. అది లేకపోతే గడియారం సంగతి మర్చిపోయి రేడియోగా వాడుకోవడమే.

మూత ఎలాగూ తీశారు కదా, వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటుంటే వాల్యూమ్ కంట్రోల్ సందులోకి కాస్త కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, ఆ చివరికీ ఈ చివరికీ బాగా తిప్పండి. పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టండి.