మీ బస్తీలో టీనేజీ పిల్లలకు ఆర్ట్, సంగీతం అందాలంటే ఇలా మొదలుపెట్టండి

"మా పిల్లలకి అంత ఆసక్తి లేదండీ" అనే మాట ముందు పక్కన పెట్టండి. నిమజ్జనం రోజు తీన్‌మార్ దరువు వినబడగానే రోడ్డు మీదకి ఉరికే పిల్లలకు ఆసక్తి లేకపోవడమేంటి? నేర్చుకోవడానికి చోటు లేదు, తోడు వెళ్లే మనిషి లేరు, అంతే. డబ్బున్న ఇంట్లో పిల్లని కీబోర్డు క్లాసు దగ్గర కారులో దింపుతారు, అదే టైముకి బస్తీలో అదే వయసు పిల్ల నల్లా దగ్గర బిందెలు నింపుతూ తమ్ముణ్ణి చూసుకుంటూ ఉంటుంది.

ఇది మన హైదరాబాద్ సమస్య ఒక్కటే కాదు. చాలా దేశాల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసాలో, 2022లో, 15 ఏళ్ల పిల్లల సృజనాత్మక ఆలోచనను మొదటిసారి కొలిచారు (మన దేశం పాల్గొనలేదు), అందులోనూ కలిగిన ఇళ్ల పిల్లలే ముందున్నారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం, 31వ అధికరణం, కళల్లో పాల్గొనడం పిల్లల హక్కని చెబుతుంది, దానికి భారత్ 1992లోనే ఒప్పుకుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

మొదట క్లాసు వెతక్కండి, పిల్ల వాళ్ల అమ్మతో మాట్లాడండి. ఏ రోజు, ఏ గంట ఖాళీ, ఎవరితో పంపిస్తారు, చీకటి పడేలోపు ఇంటికి వస్తుందా, ఆమె అడిగేవి ఇవే. నలుగురు పిల్లలు కలిసి వెళ్తామంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. అమ్మాయిలకు 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ తీయించండి.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, పదహారేళ్ల లోపు పిల్లలకు బొమ్మలు, పాట, డ్యాన్స్ నేర్పుతారు. సంగీతం గట్టిగా పట్టుకుంటామంటే రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ఉన్నాయి. ఒకసారి మీరే వెళ్లి టైమింగ్స్, ఫీజు, ఏ కాగితాలు కావాలో రాసుకుని రండి, ఎందుకంటే కూలీ మానుకుని వెళ్లిన తండ్రిని "రేపు రండి" అన్నారంటే ఆయన మళ్లీ వెళ్లడు.

అంత దూరం కుదరకపోతే బస్తీలోనే, కమ్యూనిటీ హాల్లోనో ఎవరింటి డాబా మీదో, వారానికి ఒక గంట కూర్చోబెట్టండి. వెనిజులాలో 1975లో మొదలైన ఎల్ సిస్తెమా అనే సంగీత శిక్షణ కార్యక్రమం పేద పిల్లలకు సంగీతం ఉచితంగా, గుంపుగా నేర్పింది, పెద్దగా ఎదిగింది కూడా. గుంపులో ఉంటే సిగ్గుపడే పిల్ల కూడా గొంతు విప్పుతుంది. సామాను కోసం ఆగకండి. జిరాక్స్ షాపులో ఒకవైపే ప్రింటై పాడైన కాగితాలు కట్టలు కట్టలుగా పక్కన పడేస్తారు, అడిగితే ఇచ్చేస్తారు. దానికి ఒక 2బి, ఇంకా మెత్తగా నల్లగా పడే ఒక 6బి పెన్సిల్ చాలు. 6బితో గట్టిగా నొక్కి గీసి వేలితో రుద్దమనండి, మడమ దగ్గర అరిగిపోయిన ఒక చెప్పునే ఎదురుగా పెట్టి గీయమనండి. వెలుగూ నీడా అక్కడే అర్థమవుతాయి. రంగులు తర్వాత చూసుకోవచ్చు.

స్కూల్లోనూ అడగండి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం కేంద్రం 2015 నుంచి కళా ఉత్సవ్ అనే కళల పోటీలు నడుపుతోంది, సర్కారు బడి పిల్లలు కూడా పోటీ చేయొచ్చు, కానీ పేర్లు ఎప్పుడు పంపుతారో హెడ్మాస్టర్ని ముందే అడిగి ఉంచాలి. "దీనివల్ల ఏమొస్తుంది" అనే తండ్రికి డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష గురించి చెప్పండి. ప్రభుత్వ పరీక్షల విభాగమే పెడుతుంది, సర్టిఫికెట్ ఇస్తుంది. పదీ పద్నాలుగేళ్ల మధ్య పిల్లలుంటే కళలు నేర్చుకునే పిల్లలకు కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కి అప్లై చేయించండి, సంప్రదాయ కళలు చేసే కుటుంబాల పిల్లలకు అందులో విడిగా సీట్లున్నాయి. ఒగ్గుకథ చెప్పే ఇల్లు మీ వీధిలో ఉంటే ముందు ఆ తలుపే తట్టండి.

పదో తరగతి రాగానే అన్నీ మాన్పించేస్తారు. అందుకే పిల్ల తొమ్మిదిలో ఉండగానే, ఆదివారం ఒక గంట మాత్రం వదిలేయాలని ఇంట్లో మాట తీసుకోండి.